‘ప్రభువు బయలుపరిచాడు’ అనే ముందు

డిసెంబరు 31 అర్ధరాత్రి ఆరాధన ముగిసే వేళకు చెన్నైలోని చాలా తెలుగు సంఘాల్లో వాగ్దానపు కార్డుల బుట్ట బయటికి వస్తుంది. పెద్దలూ పిల్లలూ కళ్లు మూసుకుని తలా ఒకటి తీసుకుంటారు. అరచేతిలో ఇమిడే అట్టముక్క, చుట్టూ పూల అంచు, మధ్యలో ఒక వచనం. ఎక్కువసార్లు అది యిర్మీయా 29:11: “సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు.” ఆ కార్డు బైబిలు అట్టలోకి వెళ్లిపోతుంది. జూన్‌లో ఏ కెనడా కన్సల్టెన్సీ నుంచో ఫోన్ వచ్చినప్పుడు మళ్లీ బయటికి వస్తుంది. “ప్రభువు జనవరిలోనే చెప్పాడు, నాకే అర్థం కాలేదు” అంటారు.

ఆ వచనం ఏ ఉత్తరంలోదో అప్పుడు ఎవరూ తిరగేసి చూడరు. యెరూషలేము నుంచి బబులోనుకు చెరగా వెళ్లినవాళ్లకు యిర్మీయా రాసిన ఉత్తరం అది. దాని పై వచనంలో 70 సంవత్సరాల లెక్క ఉంది. ఇంకొంచెం పైకి వెళితే ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పెళ్లిళ్లు చేసుకోండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థన చేయండి అని ఉంది. ఊరు విడిచి పరాయి చోట బతుకుతున్నవాళ్లను అక్కడే స్థిరపడమని చెప్పిన మాట అది. చెన్నైలో ఉంటున్న తెలుగువాళ్లకు ఇంతకంటే దగ్గరి మాట ఉండదు. అయినా మనం దాన్ని ఎక్కువగా విమానం ఎక్కడానికే వాడుకుంటాం.

కార్డు తీసుకోవడం తప్పని అనను. ఏడాదంతా ఒక వచనాన్ని పట్టుకుని ప్రార్థించడం మంచి అలవాటు. దాన్ని జోస్యం చీటీలా వాడినప్పుడే ఇబ్బంది. ఉద్యోగం, పెళ్లి, ఇల్లు, చదువు లాంటి వాటిలో దేవుని నడిపింపు తెలుసుకోవడానికి పద్ధతిగా చేసే పని ఒకటుంది. ‘సమస్తమును పరీక్షించి మేలైనదానిని చేపట్టుడి’ అని 1 థెస్సలొనీకయులు 5:21లో ఉన్నది ఆ పని గురించే. పరీక్షిస్తే ప్రభువు బాధపడతాడేమో అన్న భయం మనలో చాలామందికి ఉంది. పరీక్షించమన్నది ఆయన వాక్యమే.

ముందుగా, అడగనక్కరలేనివి పక్కన పెట్టాలి. డబ్బు కట్టి రెండేళ్ల అనుభవ పత్రం కొనుక్కుని, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొరక్కుండా చూడమని ఉపవాసం ఉండేవాళ్లున్నారు. దీనికి నడిపింపు అడగాల్సిన పని లేదు, జవాబు పది ఆజ్ఞలున్న నిర్గమకాండము 20లోనే ఉంది. మీరు పరిశుద్ధులు కావడమే దేవుని చిత్తమని 1 థెస్సలొనీకయులు 4:3లో, కృతజ్ఞత చెల్లించడం దేవుని చిత్తమని 5:18లో స్పష్టంగా ఉంది. తెలిసిన చిత్తాన్ని పక్కనపెట్టి తెలియని దానికోసం 21 రోజులు ప్రార్థించినా మనసుకు స్పష్టత రాదు. ఇక ఏ రంగు స్కూటీ, ఏ బ్రాండ్ ఫ్రిజ్ లాంటివి మీ ఇష్టం. వాటి గురించి రాత్రులు మేలుకోవద్దు.

ఈ రెండూ పోగా మిగిలేవే బరువైన విషయాలు. నడిపింపు విషయంలో పొరపాటు ఎక్కువగా ప్రశ్న దగ్గరే జరుగుతుంది. మనసులో ముందే తేల్చుకుని, దాని మీద ముద్ర వేయించుకోవడానికి దేవుని దగ్గరికి వెళతాం. అందుకే ఒక నోటుపుస్తకం అవసరం. మామూలు 100 పేజీలది చాలు, విషయానికి ఒక పేజీ. పైన తేదీ. దాని కింద ప్రశ్న ఒకే వాక్యంలో, ప్రశ్నార్థకంతో ముగిసేలా.

చెన్నై షోలింగనల్లూరులో పనిచేసే ఒక తమ్ముడికి హైదరాబాదు నుంచి ఆఫర్ వచ్చిందనుకుందాం. అమ్మానాన్నలు నెల్లూరులో ఉన్నారు. సాధారణంగా అతని ప్రార్థన “ప్రభువా, హైదరాబాదు తలుపు తెరువు” అని ఉంటుంది. ఇందులో ప్రశ్నే లేదు. “హైదరాబాదు వెళ్లనా వద్దా?” అన్నది కొంచెం నయం, కానీ అదీ చాలదు. “నాన్నకు వారానికి రెండుసార్లు డయాలసిస్ జరుగుతుండగా, ఇప్పటి ఉద్యోగంలో ఇంకో ఏడాది ఉండనా, లేక ఈ నెల 20లోగా ఆఫర్ ఒప్పుకోనా?” అని రాస్తే ప్రశ్నకు అసలు రూపం వస్తుంది. ఎవరెవరి బతుకులు దీనితో ముడిపడి ఉన్నాయో, గడువు ఎప్పుడో అందులో కనబడతాయి. చాలాసార్లు ఇలా రాస్తుండగానే సగం పొగమంచు తొలగిపోతుంది.

ప్రశ్న కింద ఇంకొకటి రాయాలి. నా మనసు ఇప్పుడు ఎటు మొగ్గుతోంది, పదికి ఎంత? నిజాయితీగా. 9 వేసుకున్నవాడికి బస్సు మీద రాసిన వచనమూ నిర్ధారణగానే కనిపిస్తుంది. బ్రిస్టల్‌లో అనాథాశ్రమాలు నడిపిన జార్జి ముల్లర్ (1805–1898) దేవుని చిత్తం తెలుసుకోవడంలో మొదటి మెట్టుగా చెప్పింది కూడా ఇదే: ఆ విషయంలో సొంత ఇష్టమంటూ లేని స్థితికి ముందు మనసు రావాలి. అది వినడానికి తేలికే, చేయడమే కష్టం. ఒక ఉపాయం ఉంది. మూడు రోజులు ‘వెళ్తున్నాను’ అనుకుని, దానిలోని మేలుకూ కష్టానికీ పేరు పేరునా కృతజ్ఞత చెల్లిస్తూ ప్రార్థించండి. తర్వాత మూడు రోజులు ‘ఉండిపోతున్నాను’ అనుకుని అదే చేయండి. రెండో ప్రార్థన నోట రాకపోతే మీరు ఇంకా అడగడం మొదలుపెట్టలేదన్నమాట. అప్పటిదాకా నిర్ణయాన్ని ఆపండి.

వివరాలు సేకరించడం అవిశ్వాసం అనుకునేవాళ్లు నెహెమ్యాను చదవాలి. పారసీక రాజు కొలువులో ఉన్న అతను యెరూషలేము గోడలు కూలి ఉన్నాయన్న వార్త కిస్లేవు నెలలో విన్నాడు, రాజు ముందు నోరు విప్పింది నీసాను నెలలో. మధ్యలో సుమారు నాలుగు నెలలు. రాజు “ఏం కావాలి?” అని అడగగానే మనసులో ప్రార్థించాడు, ఆ వెంటనే పట్టీ చదివినట్టు చెప్పాడు: ఎంతకాలం పడుతుంది, ఏ అధికారులకు లేఖలు కావాలి, రాజు అడవిని కాసే ఆసాపు దేనిదేనికి కలప ఇవ్వాలి. ఆ నాలుగు నెలలూ కన్నీళ్లతో పాటు లెక్కలూ నడిచాయని ఆ జవాబే చెబుతుంది. యెరూషలేము చేరాక మూడు రోజులు ఆగి, రాత్రిపూట కొద్దిమందితో గోడ చుట్టూ తిరిగాడు. ఒకచోట తానెక్కిన జంతువు పోవడానికి దారి లేకపోయిందని కూడా రాసుకున్నాడు. ప్రార్థించినవాడే ఆ శిథిలాల్లో తిరిగి పరిశీలించి చూశాడు.

వేలచ్చేరిలోనో పల్లికరణైలోనో ఇల్లు అద్దెకు తీసుకునే కుటుంబం ఆ గదుల్లో మోకరించి ప్రార్థించడం మంచిదే. అలాగే వాచ్‌మన్‌నూ, కింది పోర్షన్ అవ్వనూ అడగాలి: 2015 డిసెంబరులో, 2023లో మిచౌంగ్ తుపానప్పుడు నీళ్లు ఏ మెట్టు దాకా వచ్చాయి? కరెంటు ఎన్ని రోజులు లేదు? కాంపౌండ్ గోడకు కొత్త రంగు వేసి ఉంటే, వెనక పక్క గోడ చూడండి. మరక అక్కడ ఉంటుంది.

హైదరాబాదు ఆఫర్‌లోనూ అంతే. సీటీసీ (కంపెనీ మన మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు) అంకె చూసి ఆశీర్వాదం అనేస్తాం. అందులో కంపెనీ కట్టే పీఎఫ్, గ్రాట్యుటీ, వస్తుందో రాదో తెలియని వేరియబుల్ పే కలిసి ఉంటాయి. నెలకు చేతికొచ్చేది ఎంతో అడిగి రాసుకోండి. కొత్త అద్దె, అడ్వాన్సు, నెల్లూరికి రాకపోకలు తీసేయండి. 18,000 పెరుగుతుందనుకున్నది కొందరికి 5,000 దగ్గర తేలుతుంది. నోటీసు 90 రోజులా, డబ్బు కట్టి తగ్గించుకునే వీలుందా? “ఈ సాయంత్రంలోగా చెప్పండి” అని హెచ్ఆర్ తొందరపెడితే రెండు రోజుల గడువు అడగండి. అడిగినా ఇవ్వకపోతే అది కూడా పేజీలో రాసుకోవలసిన సమాచారమే.

ఇక వాక్యం. కళ్లు మూసుకుని బైబిలు తెరిచి వేలు పెట్టడం చాలామంది చేసేదే. దీనిలో చిక్కు ఏమిటంటే, నచ్చని వచనం వస్తే మళ్లీ తెరుస్తాం. ఎంపిక చేస్తున్నది మన వేలే అవుతుంది. అలవాటుగా వరుసలో చదివేవాళ్లకు ఈ చిక్కు రాదు. బైబిల్లో 1189 అధ్యాయాలు. రోజుకు మూడు, ఆదివారం ఐదు చదివితే ఏడాదిలో పూర్తవుతుంది. నిర్ణయం తీసుకోవలసిన వారంలో ఆ వరుస మార్చకండి, లేవీయకాండములో ఉంటే లేవీయకాండమే చదవండి. ఏదైనా వచనం గుచ్చుకుంటే అది ఎవరికి చెప్పిన మాట, ఎందుకు చెప్పారు, ముందూ వెనుకా ఏముంది అని చూడండి. ఆ పైన, నాకు ఇష్టం లేనిది కూడా ఇది నన్ను చేయమంటోందా అని అడగండి. నెలల తరబడి ప్రతి వచనమూ మీ కోరికతోనే ఏకీభవిస్తుంటే కొంచెం ఆగి చూసుకోవాలి.

“ప్రార్థన చేశాను, సమాధానం ఉంది.” మనవాళ్ల నోట ఈ మాట వినని వారం ఉండదు. సమాధానానికీ, అంటే దేవుడిచ్చే మనశ్శాంతికీ, ఊరటకూ తేడా ఉంది. కష్టమైన పని తప్పించుకున్నప్పుడు కూడా గుండె తేలికపడుతుంది. దేవుడు పొమ్మన్న చోటికి పోకుండా పారిపోతున్న యోనా తర్షీషు ఓడలో హాయిగా నిద్రపోయాడు, తుపాను కూడా లేపలేకపోయింది. గెత్సేమనేలో ప్రభువు చెమట రక్తబిందువుల్లా కారింది, అయినా ఆయన తండ్రి చిత్తం నడిమధ్యలో ఉన్నాడు. కాబట్టి ఒక్క పూట అనుభూతిని లెక్కలోకి తీసుకోవద్దు. ఏడు రోజులు, ఉదయం లేవగానే ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి, పేజీలో ఒక్క మాట రాయండి: నెమ్మది, కలత, భయం, తొందర, ఏదైతే అది. ఆదివారం కూడికలో పాటల మధ్య వచ్చిన ధైర్యం మంగళవారం ఉదయం ఓఎంఆర్ ట్రాఫిక్‌లోనూ నిలిచిందా? నిలిస్తే దానికి బరువివ్వండి.

శరీరాన్ని కూడా గమనించాలి. ఏలీయా బదరీచెట్టు కింద చచ్చిపోతానని ప్రార్థించినప్పుడు దేవుడు మొదట ఆయనకేమీ బోధించలేదు. రొట్టె పెట్టాడు, నీళ్లిచ్చాడు, నిద్రపోనిచ్చాడు. మళ్లీ లేపి మళ్లీ పెట్టాడు. మెల్లని స్వరం వినబడింది 40 రోజుల తర్వాత, హోరేబు దగ్గర. రాత్రి షిఫ్టు చేసి, మూడు రోజులుగా సరిగ్గా తినక, ఉపవాసం ఆఖరి గంటలో తీసుకున్న నిర్ణయాన్ని తిండీ నిద్రా అయ్యాక మరోసారి చూసుకోవాలి. కాఫీ అలవాటున్నవాళ్లకు ఉపవాసం మొదటిరోజు తలనొప్పి మామూలే, దాన్ని ఆత్మలో భారం అనుకోవద్దు. షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు డాక్టరును అడగకుండా ఉపవాసం ఉండకూడదు.

నుంగంబాక్కంలో 1925లో మొదలైన కాలేజీకి లొయోలా అని పేరుంది కదా, ఆ లొయోలా ఇగ్నేషియస్ చెప్పిన ఒక నియమం మన ప్రొటెస్టెంటు సంఘాల్లో వినబడదు, కానీ చాలా ఉపయోగపడుతుంది. 1521లో పాంప్లోనాలో ఫిరంగి గుండు తగిలి మంచం పట్టినప్పుడు తన మనసులోని కదలికలను గమనించడం నేర్చుకున్న మనిషి ఆయన. మనసు ఎండిపోయి, దేవుడు దూరమైనట్టు అనిపించే రోజుల్లో, అంతకుముందు నెమ్మదిగా ఉన్నప్పుడు చేసిన నిర్ణయాన్ని మార్చవద్దన్నాడు. రాజీనామా పత్రాలు, నిశ్చితార్థం రద్దులు, సంఘం మారిపోవడాలు ఎలాంటి రాత్రుల్లో జరుగుతాయో తెలిసినవాళ్లకు ఈ మాట విలువ తెలుస్తుంది.

గుర్తులు అడగడం గురించి అనగానే గిద్యోను గొర్రెబొచ్చు ముందుకొస్తుంది. గిద్యోనుకు ఏం చేయాలో అప్పటికే తెలుసు, న్యాయాధిపతులు 6:14లోనే ఆజ్ఞ వచ్చేసింది. బొచ్చు పరచి, మంచు దాని మీదే పడాలని ఒక రాత్రి, దాని మీద తప్ప నేలంతా పడాలని ఇంకో రాత్రి అడిగింది అనుమానంతో. దేవుడు రెండుసార్లూ ఓపిక పట్టాడు, అంతే. మనకు ఆదర్శంగా పెట్టుకోవలసిన గుర్తు ఆదికాండము 24లో ఉంది. ఇస్సాకుకు పెళ్లికూతురిని వెతకడానికి వెళ్లిన అబ్రాహాము దాసుడు (మన ప్రసంగాల్లో ఎలియాజరు అంటాం గానీ ఆ అధ్యాయంలో అతని పేరు లేదు) ఏం అడిగాడో చూడండి. నాకు నీళ్లిచ్చి, నా ఒంటెలకూ తానే పోస్తానన్న అమ్మాయి. దాహంగా ఉన్న ఒంటె ఒక్కసారికి వంద లీటర్ల దాకా తాగగలదు, అక్కడున్నవి పది. సాయంత్రం వేళ, ముక్కూమొహం తెలియని ప్రయాణికుడి కోసం, కడవ భుజాన పెట్టుకుని బావికీ తొట్టికీ మధ్య ఎన్నిసార్లు తిరగాలి! ఆ గుర్తులోనే ఆమె గుణం బయటపడుతుంది. “సోమవారం ఎర్ర చొక్కా వేసుకుని కనబడితే” అనే గుర్తులో ఎవరి గుణమూ తెలియదు.

గుర్తు నెరవేరుతున్నా అతను వెంటనే పాట అందుకోలేదు. మౌనంగా చూస్తూ ఉన్నాడు. ఎవరి కుమార్తెవని అడిగాడు. ఇంటివాళ్లకు జరిగిందంతా వివరించి, ఒప్పుకుంటారా లేదా చెప్పమన్నాడు. ఆఖరికి ఇంటివాళ్లు రిబ్కానే పిలిచి “ఈ మనుష్యునితో కూడ వెళ్లెదవా” అని అడిగారు. ఆమె వెళ్తానంది. ప్రార్థన, గుర్తు, విచారణ, పెద్దలు, అమ్మాయి ఒప్పుకోలు అన్నీ ఒకే చోట కలిశాయి.

దీన్ని ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. “సిస్టర్, ప్రభువు నాకు నిన్ను చూపించాడు” అనే మాటతో మన యవ్వన కూడికల్లో ఆడపిల్లలను ఇరుకున పెడుతున్నారు. కాదంటే దేవుణ్ణి కాదన్నట్టు అవుతుందని ఆ పిల్ల భయపడుతుంది. అమ్మా, ఆయన నీకు చూపించలేదు కదా. ఇష్టమైనవానిని చేసుకునే స్వతంత్రం 1 కొరింథీయులు 7:39లో విధవరాలికి ఇచ్చాడు, ‘ప్రభువునందు మాత్రమే’ అనే ఒక్క హద్దుతో. నీకూ ఆ గౌరవం ఉంది. వద్దు అని ఒక్క మాటలో చెప్పవచ్చు, కారణం చెప్పనక్కరలేదు. సంబంధం ముందుకు సాగుతుంటే అబ్బాయికి ఉన్న అప్పులు, ఆరోగ్యం, ముందు పెళ్లి ఏమైనా అయిందా, తాగుడు, అతని రూమ్‌మేట్లూ ఇంటి ఓనరూ ఏమంటారు అన్నవి అడగడం విశ్వాసానికి తక్కువ కాదు.

ప్రవచనాలదీ అదే దారి. ఇద్దరు ముగ్గురు మాట్లాడితే మిగతావాళ్లు వివేచించాలని 1 కొరింథీయులు 14:29 చెబుతుంది. 1 రాజులు 13లో యూదా నుంచి వచ్చిన దైవజనుడు తనకు నేరుగా వచ్చిన ఆజ్ఞను వదిలి, దేవదూత చెప్పాడన్న ముసలి ప్రవక్త అబద్ధం నమ్మి ప్రాణం పోగొట్టుకున్నాడు. ప్రవచనం చెప్పాక డబ్బు అడిగినా, ఇంట్లో ఎవరికీ చెప్పవద్దన్నా, వెంటనే నిర్ణయించమన్నా అక్కడే ఆగిపోండి.

సలహాకు ముగ్గురు చాలు. వాక్యం బాగా తెలిసినవారొకరు, మీ బలహీనతలు తెలిసినవారొకరు, ఆ విషయం తెలిసి అందులో లాభం లేనివారొకరు. ముగ్గురికీ ఒకే పేజీ చూపించండి. మనకు నచ్చేది చెప్పేవరకూ మనిషి తర్వాత మనిషిని అడుగుతూ పోవడం బైబిల్లో వేలు పెట్టడంలాంటిదే. 1941లో సువార్తికుడు భక్తసింగ్ గారు పల్లవరం కొండ మీద రాత్రంతా ప్రార్థించిన సంగతి, ఆ తర్వాత మద్రాసులో యెహోవా షమ్మా అనే సంఘం మొదలైన సంగతి మన విశ్వాసుల్లో చాలామందికి తెలుసు. ఆ కొండ మీద ఆయన ఒంటరిగా లేరన్నది కొంచెం తక్కువగా చెప్పుకుంటాం. అపొస్తలుల కార్యములు 13లోనూ పరిశుద్ధాత్మ మాట్లాడింది ఉపవాసంతో కలిసి ఉన్నవాళ్లతో. 16లో దర్శనం చూసింది పౌలు ఒక్కడే, ‘మేము నిశ్చయించుకొని’ అని రాసింది లూకా. దర్శనం ఒకరిదైనా నిశ్చయం అందరిదీ.

తలుపుల గురించి క్లుప్తంగా. యోనాకు ఓడ సిద్ధంగా దొరికింది, చేతిలో డబ్బూ ఉంది, అయినా అది తప్పు దారి. పౌలుకు త్రోయలో తలుపు తెరుచుకునే ఉంది, తీతు కనబడక మనసు కుదుటపడలేదని విడిచి వెళ్లాడు (2 కొరింథీయులు 2). వీసా వచ్చిందనో రాలేదనో దాన్నొక్కదాన్నే తీర్పుగా పట్టుకోలేం.

నిర్ణయం అయ్యాక అదే పేజీలో తేదీ వేసి, ఎందుకు ఇటు తిరిగానో మూడు వాక్యాల్లో రాయండి. మూడు నెలల తర్వాత మళ్లీ తెరిచి, జరిగింది కింద రాయండి. అనుకున్నట్టు జరగకపోతే గాభరా పడవద్దు. ఆ దర్శనంలో మాసిదోనియ మనిషి పిలిచాడని వెళ్లిన పౌలుకు ఫిలిప్పీలో ముందుగా హృదయం తెరిచింది ఒక స్త్రీ, ఏటి ఒడ్డున లుదియ. ఆ తర్వాత బెత్తం దెబ్బలు, చెరసాల, కాళ్లకు బొండ. నడిపింపు తప్పయిందని పౌలూ సీలా అనుకోలేదు, అర్ధరాత్రి కీర్తనలు పాడారు.

నిజంగానే తప్పు నిర్ణయం అయితే? యెహోషువ 9లో ఇశ్రాయేలీయులు బూజు పట్టిన రొట్టెలు, మాసికలు వేసిన చెప్పులు చూసి, దూరదేశం నుంచి వచ్చామన్న గిబియోనువాళ్లను నమ్మి ఒప్పందం చేసుకున్నారు, యెహోవాను మాత్రం అడగలేదు. మూడు రోజులకే మోసం తెలిసింది. అయినా చేసిన ప్రమాణం నిలబెట్టుకున్నారు. ఇంట్లో దెబ్బలు తింటున్న స్త్రీని అక్కడే పడి ఉండమనడానికి ఈ భాగాన్ని ఎవరూ వాడకూడదు, ఆమె ముందు క్షేమమైన చోటికి చేరాలి. నేనంటున్నది రెండేళ్లు ఉద్యోగం మాననని కంపెనీకి బాండు మీద సంతకం చేసి తొమ్మిదో నెలలో బాధపడుతున్నవాళ్ల గురించి. పదో అధ్యాయంలో ఐదుగురు రాజులు గిబియోను మీదికి వస్తే, యెహోషువ గిల్గాలు నుంచి రాత్రంతా నడిచి వాళ్లను కాపాడటానికి వెళ్లాడు. సూర్యుడు నిలిచిన రోజు అదే. అడగకుండా చేసుకున్న ఆ ఒప్పందాన్ని నిలబెట్టుకోవడానికి వెళ్లిన యుద్ధంలోనే అది జరిగింది. ఆ పేజీ చించేయకండి. బాండు ఇంకా ఎన్ని నెలలుందో కింద రాసి, ఈ నెలలో అక్కడ ఎవరికి మేలు చేయగలనో ఒక కొత్త ప్రశ్న మొదలుపెట్టండి.